మునిలక్ష్మమ్మ నేర్చిన ఇటలీ మాట

మునిలక్ష్మమ్మ నడుముకు తాళంచెవుల గుత్తి ఉండేది. వంటిల్లు, సామాన్ల గది, మోటారు షెడ్డు, పెద్ద గేటు, అన్నీ ఆ గుత్తిలోనే. చూసినవాళ్ళు 'అబ్బో, ఎంత పెత్తనం!' అనుకునేవాళ్ళు. పెత్తనమా, పాడా! గేటు తాళంచెవి తన నడుముకే వేలాడుతున్నా, ఆ గేటు దాటి పేరేసంద్రలో ఉన్న సొంత అన్న ఇంటికి పోవాలంటే చింతామణికి ఫోను చేసి సెక్రెటరీ గారిని అడగాలి. ఆయన సరేనన్నా, ఆ పూట పిల్లలకు సంగటి గెలికేదెవరు? అందుకని ఆమె అడగడమే మానేసింది. అన్న కూతురి పెళ్ళికి కూడా పోలేదు.

బాగేపల్లి ఊరు దాటాక రోడ్డు పక్కన ఉండేది ఆ పిల్లల హాస్టలు. అప్పటికింకా చిక్కబళ్ళాపురం జిల్లా కాలేదు, అందరూ కర్ణాటకలోని కోలారు జిల్లా కిందివాళ్ళే. తల్లో తండ్రో లేని పిల్లలు, ఉన్నా సాకలేని ఇళ్ళ పిల్లలు ఏడో తరగతి దాకా అక్కడుండి సర్కారు బడికి పోయి వచ్చేవారు. ఖర్చు ఇటలీ దేశంలోని కొందరు పుణ్యాత్ములు భరించేవారు. సెక్రెటరీగా ఉండి నడిపేది చింతామణిలో స్టీలు సామాన్ల అంగడి ఉన్న శంకరనారాయణ శెట్టి గారు. వండేది, వడ్డించేది, జ్వరమొస్తే నుదుట తడిగుడ్డ వేసేది మునిలక్ష్మమ్మ. ఆమె మొగుడు గురప్ప బోరు లారీ వెంట ఉత్తరాదికి పోయి మళ్ళీ రాలేదు. చచ్చాడో, అక్కడే ఇంకో సంసారం పెట్టాడో దేవుడికే ఎరుక. చంకలో బిడ్డ రంజితతో ఆ గేటు లోపలికి వచ్చిన మనిషి, బిడ్డ ఏడో తరగతికి వచ్చినా గేటు లోపలే ఉంది.

ఏడో తరగతి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏడు దాటిన పిల్లను హాస్టల్లో ఉంచుకోరు. ఆ సంగతి పసిగట్టి మరిది చెన్నరాయప్ప అప్పుడే ఒకసారి వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. "ఏడు అయిపోతానే పాపను నేను తోలుకొని పోతా వదినా. చిక్కబళ్ళాపురం పక్క ద్రాక్షతోటల్లో ఆడపిల్లలకు శానా పని ఉండాది. ఇంట్లో కూచోబెట్టి సదివించేదానికి మనమేమన్నా శెట్లమా?" అన్నాడు. ప్రేమ కారిపోతోంది మహానుభావుడికి! ఇన్నేళ్ళలో ఆ పిల్లకు ఒక రిబ్బను ముక్క కొనిచ్చిన పాపాన పోలేదు.

దారి ఒకటే ఉంది. ఏటా చలికాలంలో ఇటలీ నుంచి లుచియా అనే పెద్దావిడ వచ్చేది. పిల్లలు 'దొరసానవ్వ' అనేవారు. ఏడో తరగతి పూర్తయ్యే పిల్లల్లో ఒకరిని ఆవిడ ఎంచుకుంటే, ఆ బిడ్డ చింతామణిలో హాస్టల్లో ఉండి హైస్కూలు చదువుకోవచ్చు. ఈ ఏడు రంజిత పేరే చెబుతానని శంకరనారాయణ గారు మాట ఇచ్చారు. "అన్నీ సరిగ్గా జరగల్ల, అంతే" అన్నారు. ఆ రోజు నుంచి మునిలక్ష్మమ్మ మొక్కని దేవుడు లేడు.

ఇప్పుడు అద్దాల బీరువా సంగతి చెప్పాలి. ఆఫీసు గదిలో ఉండేది అది. దాని నిండా ఇటలీ నుంచి వచ్చిన ఆటసామాన్లు. కట్టెముక్కలతో గోపురం పేర్చే ఆట, రంగురంగుల పావుల పలకలు, బొమ్మ ముక్కలు అతికించే పెట్టెలు, గాలం పుల్లకు అయస్కాంతం కట్టి అట్టచేపలను పట్టే ఆట. చెరువుల్లో నీళ్ళే నిలవని సీమలో చేపల ఆట చూడండి! ఒక్కటీ విప్పలేదు. వచ్చినవి వచ్చినట్టే, మీద చుట్టిన పల్చటి గాజుకాగితంతో తళతళలాడుతూ ఉండేవి. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూసేవారు. శుక్రవారం శుక్రవారం మునిలక్ష్మమ్మ బీరువా తీసి, పెట్టెల మీది దుమ్మూ, అద్దం మీది ముక్కుల మరకలూ తుడిచి మళ్ళీ తాళం వేసేది. తర్వాత ఆ పిల్లలే వెనక పెరట్లో చింతగింజలతో, పగిలిన పెంకులతో ఆడుకునేవారు.

శంకరనారాయణ గారు చెడ్డవాడు కాదు. పిల్లల బియ్యంలో, రాగుల్లో చెయ్యి పెట్టే రకం కాదు, జ్వరమొస్తే తన కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. కాకపోతే తాతముత్తాతల నుంచి అంగడి మనిషి. వాళ్ళ ఇంట్లో సోఫా మీద కొన్ననాటి ప్లాస్టిక్కు కవరు అలాగే ఉండేది. కూర్చుంటే కరకరమనేది, ఎండాకాలం ఒంటికి అంటుకునేది. భార్య మీనాక్షమ్మ ఒకసారి ఫ్రిజ్జు తలుపు మీది నీలం పొర లాగబోతే ఆ పూట ఆయన అన్నం ముట్టలేదట. ప్యాకింగులో ఉంటేనే సామాను, విప్పితే పాతసామాను. ఆయనకు తెలిసిన వేదం అదే. ఆటలు చెడిపోతాయన్న బాధతోనే దాచాడు తప్ప పిల్లల మీద పగతో కాదు. అయితే పిల్లలకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?

పోయినేడు లుచియా ఆ బీరువా ముందు చాలాసేపు నిలబడి, పిల్లలు వీటితో ఆడుకుంటారా అని అడిగింది. "అయ్యో, ఆడుకోకుండా ఎట్లమ్మా!" అన్నారు శెట్టిగారు. ఆవిడ గాజుకాగితాల వంక చూసి ఊరుకుంది. ఈ ఏడు బయలుదేరేముందు ఫోనులో మళ్ళీ అదే మాట, పిల్లలకు ఆడుకోవడానికి ఆటలున్నాయా అని. శెట్టిగారు ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. జవాబు పిల్లల నోటితోనే, అదీ ఆవిడ భాషలోనే చెప్పిస్తే సరి! ఆయన కూతురు చైత్ర బెంగుళూరులో కాలేజీ చదువుతోంది. దొరసాని వెంట వచ్చే దుబాసీ కుర్రాడిని ఫోనులో అడిగి ఆ మాట నేర్చుకుని, ఆదివారం వచ్చి మునిలక్ష్మమ్మకు అప్పజెప్పింది. పిల్లలు మాట వినేది ఆమెదే మరి.

"అబ్బియామో తాంతి జోకి. చెప్పు మునిలక్ష్మమ్మా."

"అబ్బియా... నా నోరు తిరగదు చైత్రమ్మా! నాకు కన్నడమే సరిగా రాదు."

"అది ఇటలీ మాట. శానా సులభం. అందరూ ఒకే గొంతుతో చెప్పల్ల. రంజిత ముందర నిలబడి మొదలుపెట్టల్ల."

రంజిత ముందు నిలబడాలనేసరికి మునిలక్ష్మమ్మకు ఎక్కడలేని ఓపిక వచ్చింది. సంగటి గెలుకుతూ ఒక్కో తిప్పుకు ఒక్కో ముక్క అనుకునేది. అబ్బియామో, తిప్పు. తాంతి, తిప్పు. జోకి, తిప్పు. సంగటి ఉడికేసరికి మాట కూడా ఉడికింది. కొన్నాళ్ళకు హాస్టలంతా అదే గోల. పళ్ళు తోముకుంటూ ఒకడు, బట్టలు పిండుతూ ఒకతె, బడికి పోయే దారిలో అందరూ. అటుగా మేకలు తోలుకుపోయే రామాంజినప్ప కూడా నేర్చుకుని మేకల మీద అరిచేవాడు.

ఒక సాయంత్రం జడ వేయించుకుంటూ రంజిత అడిగింది. "అమ్మా, దాని అర్థమేమి?"

"అర్థంతో నీకేం పని? బడిలో శ్లోకాలన్నీ అర్థం తెలిసే చెప్తాండావా? తల కదిలించొద్దు."

నిజానికి మునిలక్ష్మమ్మకూ తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. దొరసానికి నమస్కారం లాంటిది ఏదో అనుకుంది.

తర్వాతి ఆదివారం చైత్ర పరీక్ష చేయడానికి వచ్చింది. పిల్లలు గొంతు చించుకుని చెప్పారు. చైత్ర చప్పట్లు కొట్టింది. రంజిత చేయెత్తింది.

"అక్కా, అంటే ఏమి?"

"మా తావ శానా ఆటలుండాయి అని."

"యాడుండాయి?"

చైత్ర నవ్వి ఆఫీసు గదివైపు చూపించింది. "అగో, బీరువా నిండా ఉండాయి గదా!"

"అవి మావి కాదు గదక్కా," అంది రంజిత. "బీరువావి."

చైత్ర ముఖం ఎర్రబడింది. చెడ్డపిల్ల కాదు, కానీ తండ్రితో ఏమంటుంది? బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. మునిలక్ష్మమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తిప్పుతిప్పుకూ తను అంటున్న మాట ఇదా అనుకుంది. పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది, ఏ పనీ తోచలేదు.

రంజిత వెనకాలే వచ్చింది. "నేను చెప్పనుమా."

"ఏమన్నావు?"

"నేను చెప్పను. అబద్ధం."

"ఏయ్, నువ్వేమి హరిశ్చంద్రుడి మనవరాలివా? ఒక్క మాట! ఆ తల్లి ముందర ఒక్క మాట అంటే హైస్కూలు సీటొస్తాది. అనకపోతే చిన్నాయన ద్రాక్షతోట. తెలుస్తాందా నీకు?"

"తోటకే పోతా. చిన్నపిల్లోళ్ళు పొద్దుమానం అద్దం కాడ నిలబడుకొని చూస్తాండారు. వాళ్ళ ముందర నేనెట్ల చెప్పేది?"

మునిలక్ష్మమ్మ ఫెడీమని చెంపమీద కొట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చింది మునిలక్ష్మమ్మ. ఎందుకంటే బిడ్డను అబద్ధమాడొద్దని పెంచింది తనే. ఇప్పుడు బిడ్డ ఆ మాటే పట్టుకుంటే కొడుతున్నదీ తనే. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది మునిలక్ష్మమ్మ. అబద్ధం చెప్పిస్తే బిడ్డ బయటపడుతుంది, కానీ తల్లి ముఖం ఇక చూడదేమో. చెప్పించకపోతే బిడ్డ కూడా తనలాగే ఏదో ఒక గేటు లోపల బతుకు వెళ్ళదీస్తుంది.

అప్పుడు ఆమెకు తోచింది, మాట మారదు సరే, బీరువా తెరుచుకుంటే? పిల్లలు నిజంగా ఆడుకుంటే అది అబద్ధమెలా అవుతుంది? శెట్టిగారు లెక్కలు చూడటానికి వచ్చిన రోజు చేతులు నలుపుకుంటూ ఎదురుగా నిలబడింది.

"అప్పా, ఒక్క పొద్దు ఆ ఆటలు పిల్లోళ్ళకు ఇస్తే..."

"దేనికి?"

"ఆడుకుంటారప్పా."

"ఆడుకుంటారు, ఇరగ్గొడతారు. అవుతల దొరసాని వస్తాండాది. ఇరిగిన ముక్కలు చూపించేదా ఆమెకు? మన మర్యాద ఏం కావల్ల? ఆ తల్లి ఎంత ప్రేమగా పంపించింది, మనమెంత జాగ్రత్తగా పెట్టుకోవల్ల! నీకు తెలీదులే, పో మునిలక్ష్మమ్మా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం బడి లేదు. మునిలక్ష్మమ్మ దుమ్ముగుడ్డ భుజాన వేసుకుని ఆఫీసు గది తీసింది, బీరువా తీసింది. పెట్టెలు తుడిచింది. మళ్ళీ లోపల పెట్టబోయి ఆగింది. చేపల ఆట పెట్టె తీసుకుని గోటితో గాజుకాగితం చీల్చింది. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది. తర్వాత ఇంకోటి చీల్చింది, మరొకటి చీల్చింది. బయటికి వచ్చి, "రాండిరా! చేతులు కడుక్కొని రాండి!" అని కేక వేసింది.

ఆ మధ్యాహ్నం ఆ హాస్టల్లో పుట్టిన గోల అంతా ఇంతా కాదు. ఎలా ఆడాలో ఎవరికీ తెలియదు. తెలియకపోతే ఏం, వాళ్ళే కనిపెట్టారు. గోపురం పేర్చి పడగొట్టి పకపకా నవ్వారు. చేపలు పట్టడంలో రంజితది అందెవేసిన చెయ్యి అయింది. పుల్లకున్న దారం ఒకటి తెగితే మునిలక్ష్మమ్మ తన కొంగు పోగు లాగి కట్టింది. తనూ కూర్చుని ఒక చేప పట్టింది! చిన్నప్పుడు కూడా అలా నవ్వలేదు ఆమె. నడుము దగ్గర గుత్తి ఉందన్న సంగతే మర్చిపోయింది.

"అమ్మా," అంది రంజిత, చేతిలో అట్టచేపతో. "ఇప్పుడు చెప్తా."

సాయంత్రం పెట్టెలు సర్దేటప్పుడు మొదలైంది భయం. చేపలు పెట్టెలో పెట్టవచ్చు, కట్టెముక్కలు పేర్చవచ్చు. చిరిగిన గాజుకాగితాన్ని ఎవరు అతికిస్తారు? చిరుగులు గోడవైపు తిప్పి, విప్పని పెట్టెలు ముందు వరుసలో పెట్టింది. తాళం వేసింది. ఆ తర్వాత రోజూ ఆ గది ముందు నుంచి పోయినప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా తల వంచుకునేది. అన్నం సహించలేదు. పారిపోదామా అంటే బిడ్డ సీటు, ఉందామా అంటే బీరువా. కుండలో పడ్డ ఎలుకకైనా పైన ఆకాశం కనిపిస్తుంది, ఈమెకు అదీ లేదు.

లుచియా వచ్చే రోజు శెట్టిగారు పొద్దున్నే దిగారు. కారు చిక్కబళ్ళాపురం దాటిందని ఫోను వచ్చింది. తోరణాలు, ముగ్గు, దండలు అన్నీ చూసుకుంటూ, దొరసాని కోసం ముందే తాళం తీయించిన బీరువా దగ్గరికి వచ్చారు. అంగడి కన్ను కదా! వెనక వరుసలో తళుకు తగ్గిందని గుమ్మం దగ్గరి నుంచే కనిపెట్టారు. పెట్టె తీసి తిప్పారు. మునిలక్ష్మమ్మ ప్రాణాలు గుమ్మం దగ్గరే పోయాయి.

"ఎవరు ఇప్పింది?"

"నేనే అప్పా."

బయట కారు హారను మోగింది. "తర్వాత చూస్తా నీ సంగతి" అని, ఒక్క క్షణంలో ముఖం మీదికి నవ్వు తెచ్చుకుని దండ అందుకున్నారు.

లుచియా దిగింది. తెల్లటి జుట్టు, మోకాళ్ళ నొప్పి, చేతికర్ర. పిల్లలు వరుసగా నిలబడ్డారు. ముందు రంజిత. మునిలక్ష్మమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంజిత వెనక్కి తిరిగి తల్లిని ఒకసారి చూసి గొంతెత్తింది.

"అబ్బియామో తాంతి జోకి!"

పిల్లలందరూ అందుకున్నారు. లుచియా కళ్ళు పెద్దవయ్యాయి. ఆవిడ రంజిత దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. దుబాసీ కుర్రాడు కన్నడంలో చెప్పాడు, నీకు బాగా ఇష్టమైన ఆట ఏదని అడుగుతున్నారని. శెట్టిగారి ముఖంలో నెత్తురు లేదు. రంజిత తిన్నగా ఆఫీసు గదిలోకి పోయి వెనక వరుసలోంచి చేపల ఆట తీసుకొచ్చి నేలమీద పరిచింది. "ఇది పట్టుకో అవ్వా, ఆ పుల్ల గట్టిగా లాగొద్దు, దారం తెగిపోయింటే మాయమ్మ కట్టింది" అని ఒక గాలం చేతికిచ్చింది. లుచియా మోకాళ్ళ నొప్పి మర్చిపోయి నేలమీద కూర్చుంది.

ఆవిడ ఓడిపోయింది. లేచేటప్పుడు చిరిగిన గాజుకాగితాన్ని చేత్తో తడిమి, శెట్టిగారి రెండు చేతులూ పట్టుకుంది. దుబాసీ చెప్పాడు: "పోయినేడు ఇవన్నీ కట్టలు విప్పకుండా ఉంటే బాధపడి వెళ్ళాను. ఈ ఏడు పిల్లలు ఆడుకుంటున్నారు. మీది మంచి మనసు." శెట్టిగారు వినయంగా తల వంచారు. ఎంత వినయమో! రంజిత సీటు ఖాయమైంది. ఏటా వచ్చి, అన్నీ ఇలాగే చూసి, ఆ ఏటి చదువు ఖర్చు ఇస్తానని ఆవిడ మాట ఇచ్చి వెళ్ళింది.

కారు మలుపు తిరిగాక శెట్టిగారు మునిలక్ష్మమ్మ ముందు చెయ్యి చాపారు. "బీరువా తాళంచెవి."

రంజిత పక్కనే నిలబడి చూస్తుండగా ఆమె గుత్తిలోంచి తీసి ఇచ్చింది.

"ఈ తూరి అదృష్టం బాగుండాది. ఇంకొక తూరి నన్ను అడగకుండా ఏమన్నా చేస్తే నీ దావ నీది, నీ కూతురి దావ నీ కూతురిది. దొరసాని ఏటేటా ఇస్తేనే పాప సదువు. గుర్తుండాది కదా?"

"ఉండాదప్పా."

ఆయన బీరువా దగ్గరికి పోయారు. తర్వాత చిరిగిన పెట్టెలన్నీ తీసి ముందు వరుసలో, చిరుగులు బాగా కనబడేలా పేర్చారు. విప్పనివి వెనక్కి నెట్టారు. దొరసానికి ఏవి నచ్చుతాయో అంగడి మనిషికి ఇప్పుడు తెలిసింది. తాళం వేసి చెవి జేబులో వేసుకుని చింతామణికి వెళ్ళిపోయారు.

బడులు తెరిచే వేళకు రంజిత రేకుపెట్టెతో చింతామణి బస్సెక్కింది. మునిలక్ష్మమ్మ గేటు లోపలి నుంచే చెయ్యి ఊపింది. ద్రాక్షతోట తప్పింది, అదే పదివేలు అనుకుంది. చెన్నరాయప్ప మళ్ళీ గేటు దగ్గరికి రాలేదు.

మళ్ళీ చలికాలం దగ్గరపడింది. హాస్టల్లో కొత్త పిల్లలు చేరారు. పాతపాళ్య నుంచి వచ్చిన మంజుశ్రీ అనే చిన్నది అద్దానికి ముక్కు ఆనించి నిలబడటం అప్పుడే నేర్చుకుంది. మునిలక్ష్మమ్మ సంగటి గెలుకుతూ పిల్లలచేత చెప్పిస్తోంది. అబ్బియామో, తిప్పు. తాంతి, తిప్పు. సెలవులకు వచ్చిన రంజిత గుమ్మంలో సంచి దించి నిలబడింది.

"ఆయమ్మా," అంది మంజుశ్రీ, "దాని అర్థమేమి?"

తెడ్డు ఆగింది. మునిలక్ష్మమ్మ కూతురి వైపు చూడలేదు. "ఏమో బిడ్డా. నాకేం తెలుసు? నేనేమన్నా సదువుకున్న్యానా?"

మంజుశ్రీ ఊరుకోలేదు. గుమ్మంలో ఉన్న రంజిత దగ్గరికి పోయి లంగా పట్టుకుని లాగింది. "అక్కా, నువ్వు హైస్కూలు గదా. నీకు తెలుసా?"

రంజిత ఎదురుగా ఆఫీసు గదిలో, తాళం వేసిన బీరువా ముందు వరుసలో ఉన్న చేపల పెట్టెను చూసింది. తల్లి నడుముకున్న గుత్తిని చూసింది.

"లేదు పాపా," అంది. "నాకూ తెలీదు."